నాన్న షెడ్యూలు, నా స్కెజూల్

మా నాన్న దస్తావేజు లేఖరి. తెనాలిలో అందరూ రైటరుగారు అనేవాళ్లు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర చిన్న గది, ఒక బల్ల, రెండు బెంచీలు, స్టాంపు కాగితాలు పెట్టుకునే ఇనప పెట్టె, అదే ఆయన ఆఫీసు. చిన్నప్పుడు ఆయన నోట నేను ఎక్కువగా విన్న ఇంగ్లీషు మాట షెడ్యూలు. అది ఇంగ్లీషు మాట అని కూడా చాలాకాలం నాకు తోచలేదు. పొలం, గట్టు, బోదె, హద్దు, షెడ్యూలు, ఇవన్నీ మా ఇంట్లో ఒకే వరసలో తిరిగే మాటలు. పెద్దయ్యాక అదే మాట నాకు బతుకుతెరువు అయింది. అమెరికా వాళ్లతో ఒకలాగా, ఇంగ్లండు వాళ్లతో ఒకలాగా పలకడం నేర్చుకుని దాని మీదే జీతం తీసుకున్నాను. అందుకే ఎవరైనా "అలా అనకూడదు, ఇలా అనాలి" అని ఈ మాట దగ్గర ఇంకొకరిని ఆపేస్తే నాకు ఊరుకోబుద్ధి కాదు.

ముందు దస్తావేజు సంగతి చెప్పాలి, చూడనివాళ్లు ఉంటారు. అమ్మేవాళ్లెవరు, కొనేవాళ్లెవరు, తండ్రి పేరు, ఊరు, ఇవన్నీ మొదట వస్తాయి. తర్వాత "నా హక్కు భుక్తములలో ఉన్న దిగువ షెడ్యూలు ఆస్తిని" ఇంత సొమ్ముకు మీకు విక్రయించినాను అని ఒక పొడుగాటి వాక్యం, ఏనాటికీ ఎట్టి తగాదాలు రానీయనని ఒక హామీ. అన్నీ అయ్యాక చివరి పేజీలో మధ్యలో గీత గీసి "షెడ్యూలు" అని ఉంటుంది. దాని కింద జిల్లా, గ్రామం, సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు ఎన్ని సెంట్లు, ఆ తర్వాత చెక్కుబందీ, అంటే నాలుగు హద్దులు. నాన్న మిగతా దస్తావేజంతా గబగబా రాసేసేవారు, ఆ వాక్యాలు ఆయనకు నోటికి వచ్చు. షెడ్యూలు దగ్గరికి వచ్చేసరికి కలం నెమ్మదించేది. పాత దస్తావేజు నకలు పక్కన పెట్టుకుని, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, "తూర్పు పంట బోదె, దక్షిణం ఫలానా వారి మాగాణి" అని ఒక్కొక్కటి పైకి చదివి, వాళ్లు తలూపాకే రాసేవారు. "మిగతాదంతా భాషేనమ్మా, షెడ్యూలు ఒక్కటే భూమి. అది తప్పితే పొలం పక్కవాడిది అయిపోద్ది" అనేవారు.

రైతులు మాత్రం సెడ్యూలు అనేవాళ్లు. "రైటరుగారూ, ఆ సెడ్యూలు ఇంకోసారి సదవండి" అని ఎంతమంది అడిగి ఉంటారో. నాన్న వాళ్లను ఏనాడూ దిద్దలేదు. చదివి వినిపించేవారు, అంతే. ఆ సెడ్యూలు సంగతి గుర్తు పెట్టుకోండి, దానికి ఒక పెద్ద కథ ఉంది, నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

డిగ్రీ అయ్యాక 2003లో హైదరాబాద్ వచ్చాను. అప్పట్లో కాల్ సెంటర్ ఉద్యోగం అంటే మా ఊళ్లో చాలామందికి అదేమిటో తెలియదు, రాత్రంతా పని చేసి పొద్దున్నే క్వాలిస్ బండిలో దిగే ఆడపిల్ల అంటే ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అని అమ్మకు టెన్షన్. నాన్న మాత్రం "ఫోన్లో మాట్లాడే పనే కదా, మాట శుభ్రంగా ఉంటే చాలు" అన్నారు. ఎస్సార్ నగర్‌లో హాస్టల్, మాదాపూర్‌లో ఆఫీసు. మాది అమెరికా ప్రాసెస్. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఓవెన్ లాంటివి పాడైతే అక్కడివాళ్లు ఫోన్ చేస్తారు, మేం మెకానిక్ వచ్చే రోజూ టైమూ ఖాయం చేయాలి. అంటే ఏం చెప్పాలి? స్కెజూల్ చేస్తున్నాను, మీ అపాయింట్‌మెంట్ స్కెజూల్ అయింది, రీస్కెజూల్ చేయమంటారా? రాత్రంతా ఆ ఒక్క మాటే. అందులో తడబడితే ఆ ప్రాసెస్‌లో పని చేయలేం.

ఫోన్లు ఎత్తక ముందు వాయిస్ అండ్ యాక్సెంట్ అని ట్రైనింగ్ ఉండేది. మా ట్రైనర్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్ వైపు పెరిగిన ఆంగ్లో ఇండియన్ మేడమ్. ఆవిడ పలికే ఇంగ్లీషు వింటుంటే చెవులకు హాయిగా ఉండేది. ఒక విషయం నేను మొదట్లోనే గమనించాను. బోర్డు మీద రాసి మాతో స్కెజూల్ అనిపించిన మనిషే టీ టైంలో తన కొడుకు స్కూలు సంగతి చెప్తూ షెడ్యూల్ అనేవారు. ఒక అమ్మాయి అడిగేసింది కూడా, మేడమ్ మీరే అలా అంటున్నారేంటి అని. "ఇది మా ఇంటి మాట, అది కస్టమర్ మాట" అన్నారావిడ, ఏ బెరుకూ లేకుండా. నాకు ఆ జవాబు ఎంతో నచ్చింది. ఇప్పటికీ నా బ్యాచ్‌లకు అదే చెప్తాను.

మనవాళ్లకు ఈ మాటలో చిక్కు ఎక్కడ వస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఊరికే "స్కెజూల్ అనండి" అంటే సరిపోదు. మొదట స్క. ఇది మనకు సులువే. ఇంగ్లీషులో మాట మొదట వచ్చే క కి కొంచెం ఊపిరి తగులుతుంది, ఖ కి దగ్గరగా. కానీ స తర్వాత వచ్చే క కి ఆ ఊపిరి ఉండదు, అచ్చం మన క లాగే ఉంటుంది. కాబట్టి స్కూల్, స్కీమ్, స్కెజూల్ మొదలు మనం బాగానే పలుకుతాం, ముందు ఇ చేర్చి ఇస్కూల్ అనే అలవాటు ఉన్నవాళ్లు దాన్ని వదిలించుకుంటే చాలు.

అసలు చిక్కు మధ్యలో ఉంది. రాతలో డి, యు ఉంటాయి, మనం చూసి డ్యూ అంటాం. అమెరికావాళ్లు డ, య రెంటినీ కలిపేసి జ చేస్తారు. ఎడ్యుకేషన్ ని ఎజుకేషన్ అన్నట్టు, డిడ్ యూ ని డిజూ అన్నట్టు. బ్యాచ్‌లో చాలామందికి ఇది వింతగా ఉండేది, రాసింది ఒకటి పలికేది ఒకటి అని. కానీ ఇది మన నోటికి కొత్తేమీ కాదు. సంధ్య మన దగ్గర సంజ అయింది. ఉపాధ్యాయుడు ఒజ్జ అయ్యాడు. వైద్యుడు పాత తెలుగులో వెజ్జు. నాలుక దంతాల దగ్గర ద అని, వెంటనే య కోసం పైకి లేస్తే, ఆ రెంటి మధ్యా జ పుడుతుంది. మన పూర్వీకుల నాలుక చేసిన పనే అమెరికావాళ్ల నాలుకా చేసింది. ఇలా చెప్పాక మా బ్యాచ్‌లో చాలామందికి మాట తిరిగింది.

అయితే ఏ జ? మనకు రెండున్నాయి. జున్ను, జొన్న అన్నప్పుడు నాలుక పళ్ల దగ్గరికి వస్తుంది. జీలకర్ర, జీవితం అన్నప్పుడు నాలుక కొంచెం వెనక్కి, అంగిలికి ఆనుతుంది. స్కెజూల్‌లో జూ కోసం జున్నులో జు వాడితే అది అమెరికా చెవికి జ లా వినపడదు, వాళ్ల జెడ్ అక్షరానికి దగ్గరగా పోతుంది. జీలకర్రలో జీ అంటూ మొదలుపెట్టి, నాలుక కదలకుండా పెదాలు మాత్రం గుండ్రం చేసి జూ అనాలి. ఇది నేను హాస్టల్ మేడ మీద బట్టలు ఆరేస్తూ పైకి అంటూ నేర్చుకున్నాను, పక్క గది అక్క "ఏంటే జీ జూ జీ జూ అంటున్నావ్" అని అడిగేది.

ఆఖరున ల్. మనం తెలుగులో మాట చివర హల్లు ఉంచం, షెడ్యూలు అని ఉ చేరుస్తాం, అది మన భాష తీరు, అందంగానే ఉంటుంది. ఇంగ్లీషులో ఆ ఉ తీసేయాలి. ల కూడా మన ల అంత తేలిగ్గా ఉండదు, నాలుక కొన పళ్ల వెనక ఉండగానే నాలుక వెనక భాగం కొంచెం పైకి లేస్తుంది, అందువల్ల బరువుగా వినపడుతుంది. ఇది అమెరికాకీ ఇంగ్లండుకీ ఇద్దరికీ ఉంది. మాట మొత్తంలో ఒత్తు మొదటి భాగం మీదే, రెండు దేశాల్లోనూ. మనం అన్ని అక్షరాలకూ సమానంగా బరువిస్తాం కాబట్టి యూల్ ని కూడా లాగి పలుకుతాం. స్కె మీద బరువు వేసి మిగతాది తేలిగ్గా వదిలేస్తే సగం పని అయిపోయినట్టే.

ఫోన్ సంగతి ఇంకొకటి ఉంది. పాత ల్యాండ్‌లైన్ తీగ మీద 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న శబ్దమే వెళ్లేది. స శబ్దంలో బలమంతా దానికి పైన ఉంటుంది, అందుకే ఫోన్లో స నీరసంగా వినపడుతుంది, ఫ తో కలిసిపోతుంది. ష కొంచెం కింద స్థాయిలో ఉంటుంది కాబట్టి బాగానే వెళ్తుంది. పేర్లు చెప్పేటప్పుడు "ఎస్ యాజ్ ఇన్ సామ్" అని ఒక్కో అక్షరం విడగొట్టి చెప్పడం అందుకే నేర్పేవాళ్లు. అమెరికా కస్టమర్‌కి షెడ్యూల్ అని చెప్తే మాట స్పష్టంగానే వెళ్తుంది, కానీ అవతల ఒక్క క్షణం ఆగిపోతారు, వాళ్ల చెవి ఆ చోట స్క కోసం ఎదురు చూస్తుంటుంది. ఆ క్షణంలో మనం చెప్పిన తారీకు వాళ్ల చెవిన పడదు. తర్వాత మెకానిక్ వెళ్తే ఇంట్లో ఎవరూ ఉండరు. యాక్సెంట్ ఎందుకు నేర్చుకోవాలి అంటే నాకు తెలిసిన కారణం ఇదొక్కటే, గొప్ప కోసం కాదు.

ఆ ఏడు సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. మా పెదనాన్న కొడుకు డల్లాస్ నుంచి వచ్చి ఉన్నాడు. ఏదో పొలం అమ్మకం గురించి మాట వచ్చి నాన్న షెడ్యూలు అన్నారు. "బాబాయ్, అది షెడ్యూల్ కాదు, స్కెజూల్" అన్నాడు అన్నయ్య. మంచి మనసుతోనే అన్నాడు, అక్కడ తను పలికీ పలికీ అలవాటైన మాట. నాన్న ఏమీ అనలేదు, మాట మార్చేశారు. రాత్రి భోజనాలయ్యాక నన్ను పిలిచి అడిగారు.

"ఏమ్మా, నువ్వు ఇంగ్లీషు ట్రైనింగ్ తీసుకున్నావు కదా. ఇన్నాళ్లూ నేను అనేది తప్పంటావా?"

ఆయన గొంతులో చిన్నతనం పడిన బాధ ఏమీ లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగారు. కానీ నాకే మనసు చివుక్కుమంది. ఎంతమంది భూములకు హద్దులు సరిగ్గా రాసిన మనిషి, ఆ మాట విషయంలో ఇంకొకరిని అడగాల్సి వచ్చింది కదా అని.

"కాదు నాన్నా. అన్నయ్య అమెరికా మాట చెప్పాడు, మీరు అనేది ఇంగ్లండు మాట. నిఘంటువులో రెండూ ఉన్నాయి. మన కోర్టులూ రిజిస్ట్రేషన్ ఆఫీసులూ ఇంగ్లండు వాళ్లు పెట్టినవి కాబట్టి మనకు వాళ్ల మాట వచ్చింది" అన్నాను.

"మరి వీళ్లది ఎక్కణ్నుంచి వచ్చింది?" అన్నారు. దానికి నా దగ్గర అప్పటికి జవాబు లేదు. తెలుసుకుని చెప్తానన్నాను.

ఆ జవాబు కోసం వెతకడం నాకు ఎంతో ఇష్టమైన పని అయింది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజారు ఉంటుంది కదా, అక్కడ డేనియల్ జోన్స్ ఇంగ్లీషు ఉచ్చారణ నిఘంటువు పాత ప్రతి ఒకటి దొరికింది. 1917లో మొదట వచ్చిన పుస్తకం అది, ఇంగ్లండులో చదువుకున్నవాళ్లు మాటను ఎలా పలుకుతారో చెప్తుంది. నాన్న షెడ్యూల్ అందులో నిక్షేపంగా ఉంది. పాత సంగతులు తర్వాత ఒక్కొక్కటిగా చదువుతూ తెలుసుకున్నాను.

ఈ మాట లాటిన్‌లో స్కెదుల, అంటే చిన్న కాగితం ముక్క. దాని వెనక గ్రీకు. ఫ్రెంచి వాళ్ల దగ్గర అది సెద్యూల్ అయి ఇంగ్లండు చేరింది. ఇంగ్లీషువాళ్లు మొదట దాన్ని స తోనే రాశారు, స తోనే పలికారు. 16వ శతాబ్దంలో పండితులు లాటిన్ మీద గౌరవంతో రాత మార్చి మొదట్లో ఎస్, సి, హెచ్ పెట్టారు. రాత మారింది గానీ జనం నోట మాట మారలేదు. 1791లో లండన్‌లో జాన్ వాకర్ ఉచ్చారణ నిఘంటువు వేసినప్పుడు ఈ మాటకు ఇచ్చిన ఉచ్చారణ సెడ్యూల్! కొన్నేళ్లకు రెండో కూర్పులో ఆయన ఇంకా వివరంగా రాశాడు. లాటిన్ ప్రకారం అయితే స్క అనాలి, ఫ్రెంచి ప్రకారం అయితే ష అనాలి, కానీ స అనడం జనంలో గట్టిగా పాతుకుపోయింది కాబట్టి ఇక మార్చలేం అని ఆయన తీర్పు. అంటే ఆ రోజుల్లో లండన్ పెద్దమనుషులు పలికిన మాట, మా తెనాలి చుట్టుపక్కల రైతులు పలికిన మాట, రెండూ ఒకలాగే ఉన్నాయి. మనవాళ్లది ష ని స చేసుకునే అలవాటు వల్ల వచ్చింది, దారి వేరు, నిజమే. అయినా ఆ పేజీ చదివిన రోజు నాకు నాన్న బల్ల ముందు బెంచీ మీద కూర్చున్నవాళ్లందరూ కళ్ల ముందు కనపడ్డారు.

వాకర్ మార్చలేం అన్నది తర్వాత రెండు తరాల్లో మారిపోయింది. 1836లో స్మార్ట్ అనే ఆయన వేసిన నిఘంటువు ష ఇచ్చింది, ఇంగ్లండు మెల్లగా అటు వెళ్లింది. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ నిఘంటువు మాటే చెల్లుబాటు అయింది, ఆయన స్క వైపు. గ్రీకు నుంచి వచ్చిన స్కూల్, స్కాలర్, స్కీమ్ అన్నీ స్క అయినప్పుడు ఇదొక్కటే ఎందుకు వేరుగా ఉండాలి అన్నది ఆ పక్షం వాదన, అందులో న్యాయం లేకపోలేదు. పాత స మాత్రం పూర్తిగా పోయింది. అలాంటి రాతే ఉన్న ఇంకో మాట ఉంది, చర్చిలో చీలిక వస్తే వాడేది. దాన్ని సిజం అనడం ఇప్పటికీ ఉంది. కాబట్టి ష అనేది అసలు మాట, స్క అనేది అమెరికావాళ్లు చెడగొట్టింది అని అనుకునే మనవాళ్లు కూడా ఒకసారి ఆలోచించాలి. స తర్వాత ఇంగ్లండులో ష ఆలస్యంగానే స్థిరపడింది. నాకు మటుకు అది నాన్న పలికిన మాట కాబట్టి ఇష్టం, అంతకు మించి పెద్దరికం దానికి అంటగట్టను.

కొన్నాళ్లకు నన్ను యూకే ప్రాసెస్‌కి మార్చారు. ఇంటి ఇన్సూరెన్స్. ఇక్కడ మళ్లీ షెడ్యూల్ అనాలి. మొదటి రోజుల్లో అలవాటు కొద్దీ స్క రాకుండా, ఫోన్ ఎత్తేముందు నాన్న గొంతు మనసులో అనుకునేదాన్ని, పలుకు దానంతటదే కుదురుకునేది. చివర ఉ తీసేసి, షె మీద బరువు వేస్తే అది చక్కటి ఇంగ్లండు మాట. అక్కడ జాగ్రత్తగా మాట్లాడే పెద్దవాళ్లు డ, య విడివిడిగా షెడ్యూల్ అంటారు, మామూలుగా మాట్లాడేవాళ్లు షెజూల్ అంటారు. మనం తెలుగులో రాసే ష నాలుక మడిచి పలికేది, శ నాలుక ముందు భాగంతో పలికేది. ఇంగ్లండు వాళ్లది ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది, పెదాలు కొంచెం ముందుకు వస్తాయి. కుర్రవాళ్లు ఫోన్ చేస్తే మాత్రం చాలామంది స్క అనేవాళ్లు, అమెరికా టీవీ చూసి పెరిగిన వయసు వాళ్లు. మా టీమ్‌లో ఉన్న పద్ధతి, కస్టమర్ ఏది అంటే మనమూ అదే అనాలి.

అక్కడే నాకు అసలు విషయం తెలిసింది. అమెరికా ప్రాసెస్‌లో ఆ మాటకు అర్థం టైము, రోజు. ఇంగ్లండు ఇన్సూరెన్స్‌లో షెడ్యూల్ అంటే కాగితం. పాలసీతో పాటు వచ్చే ఒక పత్రం, అందులో ఇంటి అడ్రసు, ఎంత సొమ్ముకు బీమా, ఏమేం వర్తిస్తాయి, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని ఉంటాయి. పాలసీ పుస్తకం అందరికీ ఒకటే, షెడ్యూల్ మాత్రం ఆ ఇంటిది. అమెరికాలో ఇదే కాగితాన్ని డిక్లరేషన్స్ పేజీ అంటారు, షెడ్యూల్ అనరు. చలికాలంలో పైపు పగిలి ఇంట్లోకి నీళ్లు వచ్చాయని పెద్దావిడలు ఫోన్ చేసేవాళ్లు. కంగారుగా ఉండేవాళ్లు. "మీ షెడ్యూల్ తీయండి, అందులో ఉన్నది ఇద్దరం కలిసి చదువుదాం" అంటే కాస్త కుదుటపడేవాళ్లు. అడ్రసు, సొమ్ము, తేదీలు ఒక్కొక్కటీ చదివి, వాళ్లు అవునన్నాకే ముందుకు వెళ్లేదాన్ని. ఎవరూ నాకు అలా నేర్పలేదు, చిన్నప్పుడు బెంచీ మీద కూర్చుని చూసిందే.

నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. స్కెదుల అంటే కాగితం ముక్క అని, ఇంగ్లండులో ఇప్పటికీ ఆ అర్థంతోనే వాడుతున్నారని, వాకర్ అనే ఆయన మన రైతుల్లాగే సెడ్యూల్ అని రాశాడని. అవతల కాసేపు నవ్వారు. తర్వాత అన్నారు, "మనం చేసేదీ అదే కదమ్మా. దస్తావేజుకు చివర కుట్టే కాగితం. అయితే మా రైతుల మాట లండన్‌లో చెల్లిందన్నమాట." ఆ మాట ఆయన ఎంతమందికి చెప్పారో లెక్కలేదు. నేను సెలవుకు వెళ్లినప్పుడల్లా ఆఫీసు దగ్గర ఎవరో ఒకరు "మీ అమ్మాయేనా ఇంగ్లండు సెడ్యూలు సంగతి చెప్పింది" అని అడిగేవాళ్లు.

నాన్న ఆ తర్వాత పేపర్లో ఎక్కడ ఆ మాట కనపడినా నాకు చదివి వినిపించేవారు. మన దేశంలో అది ఎన్ని చోట్ల ఉందో ఆయన వల్లే గమనించాను. 1935 భారత ప్రభుత్వ చట్టం కింద కులాల జాబితా ఒకటి తయారు చేశారు, 1936లో ఆ ఉత్తర్వు వచ్చింది, షెడ్యూల్డ్ కులాలు అన్న మాట అలా పుట్టింది. జాబితాలో ఎక్కినవి అని దాని అర్థం. రాజ్యాంగానికి మొదట 8 షెడ్యూళ్లు, ఇప్పుడు 12. ఎనిమిదోది భాషలది, అందులో మొదటి 14 భాషల్లోనే తెలుగు ఉంది, ఇప్పుడు 22 అయ్యాయి. అయిదోది గిరిజన ప్రాంతాలది, ఉట్నూరు నుంచి పాడేరు దాకా మనుషుల భూమి హక్కు దాని మీద నిలబడి ఉంది. మందుల అట్ట మీద కూడా షెడ్యూల్ హెచ్ అని చూస్తాం. ఇవన్నీ చివర జతచేసిన కాగితాలే. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కార్డ్ పేరుతో కంప్యూటర్లు వచ్చినప్పుడు ఇక చేతిరాత పని ఉండదన్నారు, కంప్యూటర్‌లోనూ షెడ్యూలు పేజీ నింపాల్సిందే అని నాన్న ధీమాగా ఉన్నారు, అలాగే జరిగింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పేపర్లనిండా విభజన చట్టంలోని 9, 10 షెడ్యూళ్ల సంస్థలు అని రోజూ వచ్చేది. "రాష్ట్రం పంచుకున్నా సరే, చివర షెడ్యూలు సరిగ్గా రాయకపోతే తగాదా తెగదమ్మా" అన్నారు. అప్పటికి ఆయనకు చూపు తగ్గింది, ఆ పేపరు నేనే చదివి వినిపించాను.

ఇప్పుడు ఆయన లేరు. నేను పిల్లలకు ట్రైనింగ్ ఇస్తున్నాను. కొత్త బ్యాచ్‌లో ఎవరైనా షెడ్యూలు అంటే పక్కవాళ్లు కిసుక్కున నవ్వే అలవాటు ఒకటుంది, దాన్ని మొదటి రోజే ఆపుతాను. అక్కడ మాట్లాడబోయే మనిషి ఎవరో అడుగుతాను. అమెరికా అయితే స్కె, జీలకర్ర జ, ఉ లేని ల్. ఇంగ్లండు అయితే షె, డ్యూ గానీ జూ గానీ, ఉ లేని ల్. కెనడా అయితే రెండూ వినపడతాయి, అవతలివాళ్లు ఏది అంటే అది. ఒకే కాల్‌లో అటూ ఇటూ మారవద్దు. మాట చెప్పాక తారీకూ టైమూ నెమ్మదిగా రెండుసార్లు చెప్పండి, వాళ్లతో తిరిగి చెప్పించుకోండి. ఇంట్లో మాట్లాడేటప్పుడు మీ ఇష్టం, మీ ఇంటి మాట మార్చుకోనక్కర్లేదు.

ఈ మధ్య ఆసిఫాబాద్ దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల, ఇంగ్లీషు వ్యాకరణం మిగతావాళ్లకంటే బాగా వచ్చు. సెడ్యూల్ అంది. రెండు బెంచీల అవతల ఎవరో నవ్వారు, ఆ పిల్ల మొహం దించేసుకుంది. నేను బోర్డు మీద 1791 అని రాసి జాన్ వాకర్ కథ మొత్తం చెప్పాను, మా తెనాలి రైతుల సంగతి కూడా. తర్వాత, ఫోన్ తీగ మీద స ఎందుకు సన్నగిల్లుతుందో, ష ఎందుకు నిలబడుతుందో చెప్పి, పెదాలు ముందుకు పెట్టి ష అనడం ఆ పిల్లతోనే క్లాసుకు చూపించాను. మొదట పెదాలు కదిలేవి కావు. నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని, స అన్నప్పుడు సన్నగా తగిలే గాలికీ ష అన్నప్పుడు వెడల్పుగా తగిలే గాలికీ తేడా పట్టుకున్నాక దారిలో పడింది. ఆ వారమంతా క్యాంటీన్ లైన్లో కూడా అరచెయ్యి నోటి ముందు పెట్టుకునే కనపడేది. ఇప్పుడు యూకే ఇన్సూరెన్స్ ప్రాసెస్‌లో ఉంది, కొత్తగా చేరినవాళ్లకు ఆ మాట తనే పలికి చూపిస్తోంది.